మీకు తెలుసా? ఆవు కూడా యూరియా వేస్తుంది

మేసిన గడ్డిలోని నత్రజనిలో 75 నుంచి 90 శాతాన్ని ఆవు పేడగా, మూత్రంగా తిరిగి బీడుకే ఇచ్చేస్తుంది. పాలకూ మాంసానికీ పోయేది ఆ మిగిలినదే.

మూత్రంలోని నత్రజనిలో ఎక్కువ భాగం యూరియానే, అచ్చం బస్తాలో వచ్చే యూరియానే! తడిసిన చోట మోతాదు హెక్టారుకు 500 కిలోల నత్రజని దాటుతుంది. మన 45 కిలోల బస్తాల లెక్కలో ఎకరానికి దాదాపు పది. అంతా గడ్డి తాగలేదు. కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేట్‌గా నేలలోకి దిగి నీళ్లలో చేరుతుంది. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని ఏజాక్స్ పట్టణం చుట్టుపక్కల డఫిన్స్, కరూథర్స్ వాగులు చేరేది ఒంటారియో సరస్సులోకే కాబట్టి ఇది పశువుల కాపరుల గొడవ మాత్రమే కాదు.

ఏజాక్స్ దాటి ఉత్తరంగా వెళ్తే పచ్చిక బీళ్లలో అక్కడక్కడా ముదురాకుపచ్చ మచ్చలు కనిపిస్తాయేమో చూడండి. గడ్డి గుబురుగా, చుట్టుపక్కల కంటే ఎత్తుగా ఉంటుంది. అవి చాలావరకు ఆవుల చలవే. చిక్కల్లా పంపకంలోనే: నీళ్ల తొట్టి దగ్గరా చెట్టు నీడలోనూ ఎరువు కుప్పపడుతుంది, దూరపు మూలలు పస్తుంటాయి.

ఆ లోటుకు బస్తా ఒక్కటే మందు కాదు: బీడులో క్లోవర్, లూసర్న్ లాంటి పప్పుజాతి మేత సగానికి మించి ఉంటే నత్రజని ఎరువు అక్కర్లేదన్నది ఒంటారియో వ్యవసాయ శాఖ సిఫారసు.