రాగం వింటే బుర్ర పెరుగుతుందా?

విశాఖపట్నం: పొద్దున్నే త్యాగరాజ కీర్తన వినిపిస్తే పిల్లవాడికి లెక్కలు బాగా వస్తాయనీ, ఫలానా రాగం వింటే బీపీ దిగుతుందనీ ఊళ్లలో సైతం చెప్పుకుంటున్నారు. ఇందులో పాలెన్ని, నీళ్లెన్ని?

తెలివి పెరుగుతుందన్న మాట అమెరికా నుంచి వచ్చింది. 1993లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మొజార్ట్ సంగీతం వినిపించి పరీక్ష పెట్టారు. ఆకారాలను ఊహించే లెక్కల్లో ఎనిమిది, తొమ్మిది పాయింట్లు ఎక్కువ వచ్చాయి. ఆ చురుకుదనం కాస్తా పావుగంటలో కరిగిపోయింది. ఈ సంగతి దాచి, కాలేజీ కుర్రాళ్ల ఫలితాన్ని చంటిపిల్లలకు అంటగట్టారు. 1998లో జార్జియా గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ ఇవ్వడానికి ప్రభుత్వ సొమ్ము అడిగారు కూడా! చివరకు 2010లో వియన్నా పరిశోధకులు సుమారు 3,000 మందిపై జరిగిన 40 వరకు పరీక్షలను వడబోసి, ఆ సంగీతానికి తెలివి పెంచే ప్రత్యేక గుణమేదీ లేదని తేల్చారు. మొజార్ట్ చివరి పదేళ్లు గడిపిన ఊరే అది!

అయితే సంగీతం వట్టిదేనా? కాదు. ఆపరేషనుకు ముందు పాట విన్నవారికి బెదురు తగ్గుతుందని 26 పరీక్షలను కలిపి చూసిన 2013 నాటి సమీక్ష చెబుతోంది. నిద్రపట్టని వారికీ కొంత మేలు కనిపించింది. ఉక్కు కర్మాగారంలోనో, రేవులోనో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవారు ప్రయత్నించి చూడవచ్చు, పోయేదేమీ లేదు. శాస్త్రీయ సంగీతమే కానక్కరలేదు. నెమ్మదిగా సాగేది, మనసుకు నచ్చినది అయితే చాలు.

వినడం వేరు, నేర్వడం వేరు. విజయనగరం సంగీత కళాశాల 1919లో వెలిసినప్పుడు ఆ ఊరు విశాఖ జిల్లాలోదే. అక్కడ విద్యార్థిగా చేరబోయిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి ఏకంగా అధ్యాపక పదవి దక్కిందంటారు. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. చూపు అంతంతమాత్రమే అయినా, ఏళ్ల తరబడి సాధనతో ఆ కమానుకు అంత మెత్తదనం తెచ్చారు. రేడియో పక్కన కూర్చుంటే వచ్చేది కాదది.

రాగం పేరు చెప్పి బీపీ మాత్రలు మానమనే వారి మాట మాత్రం నమ్మరాదు. మాత్ర మాత్రే, పాట పాటే. ఇక తెల్లవారుజామున గుడి మైకు హోరెత్తిస్తే, ఎంత గొప్ప కీర్తనైనా పక్కింటి బాలింతకు నిద్రాభంగమే.