వెనిస్ నగరము – యాత్రికుల వెల్లువ

మన మోటుపల్లి రేవు ప్రాంతపు వజ్రాలను, సాలెగూటి దారాల వంటి సన్నని వస్త్రాలను 13వ శతాబ్దంలో లోకానికి చాటిన మార్కో పోలో వెనిస్ నగరవాసి. ఆనాడు వెనిస్ వర్తకులు లోకాన్ని చూడ బయలుదేరేవారు. ఈనాడు లోకమే వెనిస్‌ను చూడ బయలుదేరుతున్నది. దాని ఫలితమెట్టిదో విద్యార్థులు తెలుసుకొనదగినది.

ఇటలీ ఈశాన్య తీరాన, ఉప్పునీటి సరస్సు నడుమ, నూటికి పైగా చిన్న చిన్న దీవులపై వెలసిన నగరమిది. కొయ్య గుంజలు బురదలో దిగగొట్టి, వాటిపై భవనాలు నిలిపినారు. వీధులలో మోటారు వాహనం కానరాదు. నాలుగు వందలకు మించిన వంతెనలు, కాలువలు, పడవలే రహదారులు. 1987లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది.

1951లో ఈ పాత నగరంలో సుమారు 1,75,000 మంది నివసించేవారు. 2022లో ఆ సంఖ్య 50,000 కంటె తగ్గిపోయినది. మిగిలిన జనసంఖ్యను బాటసారులకు తెలుపుతూ ఒక మందుల దుకాణం కిటికీలో 2008లో ఒక అంకెల పలకను అమర్చినారు. రోగి నాడిని చూపినట్లున్నదా పలక!

ఈ క్షీణతకు యాత్రికులే సర్వకారణమనుట న్యాయం కాదు. 1966 నవంబరు 4న 194 సెంటీమీటర్ల ఎత్తుకు లేచిన సముద్రజలం ఎన్నో ఇళ్ళ క్రింది అంతస్తులను పాడుచేసినది. ఎదుటి ఒడ్డున కర్మాగారాలు, చవకైన ఇళ్ళు యువకులను ఆకర్షించినవి. అయితే వెళ్ళినవారి స్థానంలో కొత్త సంసారాలు ఎందుకు రాలేదన్నదే అసలు ప్రశ్న.

జవాబు ఇంటి అద్దెలో ఉన్నది. ఒక కుటుంబం నెలకు ఇచ్చే అద్దెను యాత్రికులు కొద్ది రోజులలోనే ఇస్తారు. ఇక యజమాని ఎవరిని కోరుకుంటాడు? ఇల్లు విడిదిగా మారుతుంది. వీధిలో కాపురాలు తగ్గితే కూరగాయల అంగడికి, రొట్టెల దుకాణానికి బేరం ఉండదు. వాటి చోట ముఖానికి ధరించే తొడుగులు, గాజు బొమ్మలు అమ్మే కొట్లు వెలుస్తవి. మురానో దీవి గాజు పనివారి కీర్తి జగద్విదితమే గాని, చవకబారు అనుకరణ సరుకు అనేకం ఇతర దేశాల నుండి వచ్చినదే. పాలు, కూరలు కొనడానికి దూరం నడవవలసిన గృహిణి, పడవలో చోటు దొరకని వృద్ధుడు, అద్దె చెల్లించలేని ఉపాధ్యాయుడు క్రమంగా ఎదుటి ఒడ్డుకు చేరుతారు. పిల్లలు తగ్గిన చోట బడులు కూడ నిలువవు. 2023 నాటికి యాత్రికులకై ఉన్న పడకల సంఖ్య నివాసుల సంఖ్యను మించినది. ఉర్దూలో 'మేజ్‌బాన్' లేనిదే 'మెహమాన్' లేడు. ఇచ్చట మెహమానులే మిగులుతున్నారు.

ఉదయం వచ్చి సాయంత్రం వెళ్ళిపోయే జనం మరొక సమస్య. వీరు నగరానికి ఇచ్చే ఆదాయం స్వల్పం, పెట్టే ఒత్తిడి అధికం. 2019 జూన్‌లో ఒక భారీ విహారనౌక అదుపు తప్పి రేవుగట్టును, ఒక పడవను ఢీకొని కొందరిని గాయపరచినది. 2021 ఆగస్టు నుండి 25,000 టన్నులకు మించిన నౌకలను నగరమధ్యంలోని జ్యూడెక్కా కాలువలోనికి రానీయకుండా నిషేధించినారు.

2024 ఏప్రిల్ 25న రాత్రి బస చేయని యాత్రికులకు ప్రవేశ రుసుము మొదలైనది. ఆ ఏడు ఎంపిక చేసిన 29 రోజులలో తలకు 5 యూరోలు. 2025లో 54 రోజులు, ముందుగా నమోదు చేసుకొననివారికి 10 యూరోలు. తిథి చెప్పక వచ్చువాడు అతిథి అని మన పెద్దలు చెప్పిన వ్యుత్పత్తి వెనిస్‌లో చెల్లదు. తిథి ముందే తెలుపవలెను! అయినను రుసుము వల్ల రద్దీ చెప్పుకోదగినంత తగ్గలేదని విమర్శకుల వాదం. నా దృష్టిలో ఈ రుసుము వాకిలిని తాకినదే గాని ఇంటిని తాకలేదు. ఇళ్ళను స్వల్పకాలపు విడిదులుగా మార్చుటను పరిమితం చేసే అధికారాన్ని 2022లో ఇటలీ శాసనసభ వెనిస్‌కు ప్రసాదించినది. దానిని వినియోగించుటలో నగరపాలకులు తాత్సారం చేసినారు.

స్పెయిన్‌లోని బార్సిలోనా ఇందుకు భిన్నమైన దారి పట్టినది. అచ్చట విడిదులుగా నడుస్తున్న సుమారు 10,000 ఇళ్ళ అనుమతులను 2028 నవంబరు తరువాత పొడిగించబోమని 2024లో నగరాధ్యక్షుడు ప్రకటించినాడు. యజమానులు దీనిని తీవ్రంగా ప్రతిఘటించినారు. ఆ ఇళ్ళు తిరిగి కాపురాలకు దక్కునా అన్నది 2028 తరువాత తేలవలెను.