పంచాయతీ రికార్డులును, నాయకుల ఉత్తరములును

ఎన్నికలు సమీపించుచున్న వేళ ఒక నాయకుడు పంచాయతీ కార్యాలయమునకు వచ్చి, "కార్యదర్శిగారూ, ఇంటిపన్ను రిజిస్టరును పింఛనుల జాబితాయును ఒక్కపూట ఇప్పించండి. ఊరివారందఱికి పండుగ శుభాకాంక్షలు పంపవలెను" అని అడిగెననుకొందము. వినుటకిది స్వల్పవిషయమే. రిజిస్టరు ప్రజలది, అడిగినవాడు ప్రజలెన్నుకొన్నవాడు, పంపదలచినది శుభాకాంక్ష. అయినను తగవు ఇచ్చటనే మొలకెత్తును. ఇచ్చినచో ప్రత్యర్థి ఆక్షేపించును. ఈయనిచో, "ప్రజల రికార్డును దాచుటకు నీవెవరవు?" అని కార్యదర్శి మాట పడవలసివచ్చును. ఈ విషయమున చట్టమేమి చెప్పుచున్నదో, ఇటీవలి వివాదములలో న్యాయస్థానములేమనినవో పంచాయతీ సభ్యుల కొఱకు వివరింపదలచినాము.

మొదట ఓటర్ల జాబితాను గూర్చి చెప్పుకొందము. ఇది నిజముగా బహిరంగపత్రము. 1960 నాటి ఓటర్ల నమోదు నియమముల ననుసరించి ముసాయిదా జాబితాను ప్రకటించి అందఱికి చూపవలెను. తప్పులున్నచో ఆక్షేపణ తెలుపవచ్చును. గుర్తింపు పొందిన రాజకీయపక్షములకు తుదిజాబితా ప్రతులు రెండు ఉచితముగా లభించును. అందు ఓటరు పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి నంబరు, వయస్సు, గుర్తింపుకార్డు సంఖ్య ఉండును. ఫోను నంబరుండదు. ఎన్నికల సంఘము వారు వెబ్‌సైటులో ఉంచు ప్రతిలో ఛాయాచిత్రములును ఉండవు. కావున ఈ జాబితాలోని పేర్లనుబట్టి ఇంటింటికి ఉత్తరము వ్రాసికొనుటలో తప్పులేదు. అభ్యర్థులు ఏనాటినుండియో చేయుచున్న పనియే అది.

ఇట్లు బహిరంగమైన జాబితాకును ఒక హద్దు ఏర్పడినది. 2018 జనవరిలో ఎన్నికల సంఘము ఓటర్ల జాబితాలను కంప్యూటరులో వెదకుటకు వీలైన రూపమున కాక, బొమ్మరూపమున మాత్రమే వెబ్‌సైటులలో ఉంచవలెనని ఆదేశించినది. ఆ సంవత్సరముననే మధ్యప్రదేశ్ శాసనసభకు ఎన్నికలు జరుగవలసియుండెను. అచటి కాంగ్రెస్ నాయకులు శ్రీ కమల్‌నాథ్ సుప్రీంకోర్టు కెక్కిరి. జాబితాలో ఒకే పేరు పలుమార్లు వచ్చినదనియు, అట్టివానిని పట్టుకొనుటకు వెదకుటకు వీలైన ప్రతి కావలెననియు వారి వాదము. అది త్రోసివేయదగిన వాదము కాదు; దొంగఓట్లు ఏరుట ప్రజాస్వామ్యమునకు అవసరమే. కాని లక్షల పేర్లను ఒక్కసారిగ గుదిగ్రుచ్చి ఇతర ప్రయోజనములకు వాడుకొను ప్రమాదము కలదనియు, ఓటరు ఆంతరంగికతకు భంగము కలుగుననియు ఎన్నికల సంఘము బదులుచెప్పినది. 2018 అక్టోబరు 12న సుప్రీంకోర్టు ఆ పిటీషనును కొట్టివేసినది. కావలసినవారు తమ శ్రమతో ఆ ప్రతిని వెదకుటకు వీలైన రూపమునకు మార్చుకొనవచ్చునని మాత్రము చెప్పినది.

ఈ తీర్పునందు గ్రామస్థులు గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. జాబితాను చూపుట వేఱు, దానిని కోరిన రూపమున తయారుచేసి చేతికిచ్చుట వేఱు. 1984 వఱకు కరణముగారి యింట మూటలోనున్న అడంగలు కూడ రికార్డే. కాని దానిలో ఒక్క పేరు వెదకుటకు ఒక పూట పట్టెడిది. నేడు ఊరంతయు ఒక చిన్న పుల్లవంటి పెన్‌డ్రైవులో ఇముడును. రికార్డు మాఱలేదు, దానిని మోసికొనిపోవుట సులభమైనది. చిక్కంతయు అందుననే వచ్చినది.

ఫోను నంబరుల సంగతి ఇంకను గంభీరమైనది. 2021 ఏప్రిల్ 6న పుదుచ్చేరి శాసనసభకు ఎన్నికలు జరిగినవి. కాకినాడకు చేరువనున్న మన తెలుగుప్రాంతము యానాం కూడ ఆ శాసనసభలోని 30 నియోజకవర్గములలో ఒకటి. ఆ ఎన్నికలకు ముందు ఒక పక్షము పోలింగు కేంద్రముల వారీగా వాట్సాప్ బృందములు ఏర్పఱచి, ఓటర్లను అందు చేరుడని కోరుచు సందేశములు పంపెను. ఆధార్‌తో ముడిపడిన నంబరులకే ఆ సందేశములు వచ్చినవని ఒక యువజనసంఘ నాయకుడు మద్రాసు హైకోర్టులో వ్యాజ్యము వేసెను. తమ కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి నంబరులు సేకరించిరని ఆ పక్షమువారు చెప్పిరి. తమవద్దనుండి సమాచారము బయటికి పోలేదని ఆధార్ సంస్థ చెప్పినది. హైకోర్టు ఎన్నికలను ఆపలేదు. కాని ఓటర్ల వివరములు ఎట్లు బయటపడినవో ఆధార్ సంస్థ సమాధానము చెప్పవలెనని ఆదేశించినది. ఓటరు తన పేరు జాబితాలో ఉండుటకు సమ్మతించెను. రేషనుకొఱకు ఇచ్చిన నంబరుకు ఓటడుగు సందేశము వచ్చుటకు సమ్మతింపలేదు. కోర్టు పట్టించుకొన్నది ఈ భేదమునే అని మా అభిప్రాయము.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుండి కొంతకాలము గ్రామ వాలంటీర్ల వ్యవస్థ నడచినది. సుమారు ఏబది కుటుంబములకు ఒక్కొక్క వాలంటీరు. ఆయా కుటుంబముల వివరములు వారి ఫోనులలో ఉండెడివి. 2024 ఎన్నికలలో మార్చి 30న ఎన్నికల సంఘము వారిచే పింఛను పంపిణీ మాన్పించి, ప్రభుత్వమిచ్చిన ఫోనులను జిల్లా ఎన్నికల అధికారికి అప్పగింపజేసినది. ఈ చర్య వలన కొందఱు వృద్ధులు పింఛనుకొఱకు ఇబ్బంది పడిరన్నది నిజమే. అయినను పింఛనిచ్చు చేతిలోనే ఓటరు చిట్టాయు ఉండుటలోని చిక్కును ఎవరును కాదనలేరు.

ఇక పంచాయతీ రిజిస్టరులు. ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు పన్ను వసూలునకై వ్రాసినది. పింఛనుల జాబితాలో ఫలానా ఆమె వితంతువనియు, ఫలానా ఆయన వికలాంగుడనియు ఉండును. ఈ వివరములు వారు అక్కఱపడి ఇచ్చినవి, ఉత్తరములు అందుకొనుటకు ఇచ్చినవి కావు. ఆంతరంగికత ప్రాథమికహక్కని తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము 2017 ఆగష్టు 24న ఏకగ్రీవముగా తీర్పుచెప్పినది. ఆధార్ చట్టమున, నమోదుకై లేక ధ్రువీకరణకై సేకరించిన వివరములను అధికారము లేనివారికి బుద్ధిపూర్వకముగా ఇచ్చినవారికి మూడేండ్ల వఱకు జైలుశిక్ష కలదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సమాచారహక్కు చట్టములోని 8(1)(జె) నిబంధనను మార్చినది. ఆ మార్పు 2025 నవంబరు 14 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము వ్యక్తిగత సమాచారమును ఈయ నిరాకరించుటకు అధికారికి మునుపటికంటె ఎక్కువ వీలు కలిగినది.

ఈ మార్పు పేరుచెప్పి అన్ని రిజిస్టరులను బీరువాలో పెట్టి తాళము వేయుట తగదు. ప్రజాప్రయోజనము అధికమైనచో సమాచారమీయవచ్చునను 8(2) నిబంధన ఇప్పటికిని ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుండి ఉపాధిహామీ పనులపై సామాజిక తనిఖీలు జరిగినవి. మస్తరులలోని పేర్లు గ్రామసభలో బిగ్గరగా చదివిరి. చనిపోయినవారి పేరను, ఊరు విడిచిపోయినవారి పేరను కూలి తీసికొన్న సంగతులు అట్లే వెలికివచ్చినవి. ప్రజాధనము ఎవరికి చేరినదో తెలిసికొనుటకు జాబితా చదువుట ఒకటి. ఆ జాబితాలోని మనుష్యులకు తన బొమ్మతో కార్డులు పంపుకొనుట మఱియొకటి. మొదటిదానిని అడ్డుకొనుటకు రెండవదానిని సాకుగా చూపు సర్పంచులు ఉండవచ్చును. సభ్యులు జాగరూకులై ఉండవలెను.

ఒక వార్డు సభ్యునకు పంచాయతీ పనినిమిత్తము రికార్డు చూచు అవకాశము కలదు. ఆ చూపుతోబాటు నకలు ఇంటికి తీసికొనిపోయి స్వంతమునకు వాడుకొను హక్కు రాదు. పక్షము ఏదైనను, పదవి ఏదైనను ఇంతే.

కావున నోటిమాటగా అడిగినవారిని కార్యదర్శి వ్రాతమూలముగా అడుగుమనవలెను. సమాచారహక్కు దరఖాస్తునకు గ్రామస్థాయిలో రుసుము లేదు. 30 దినములలో జవాబీయవలెను. ఈయదగిన భాగమిచ్చి, ఫోను, ఆధార్, బ్యాంకు ఖాతా సంఖ్యలున్న గడులను మూసి నకలు తీయించవచ్చును. నిరాకరించినచో కారణము వ్రాయవలెను, అప్పీలు ఎవరికో తెలుపవలెను. ఉత్తరములు పంపదలచిన నాయకునకు ఓటర్ల జాబితా ఎటులును లభించును. శాసనసభ, పార్లమెంటు ఎన్నికలకు అచ్చువేయించు కరపత్రముపై ముద్రాపకుని పేరు, ప్రచురణకర్త పేరు, వారి చిరునామాలు ఉండవలెనని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 127-ఎ సెక్షను చెప్పుచున్నది. అట్టి పేర్లు లేని కాగితము ఊరిలోనికి వచ్చినచో, దానిని మడిచి ఎన్నికల అధికారికి పంపుట సభ్యులు చేయగల పని.