పత్తర్‌గట్టి

పత్తర్‌గట్టి హైదరాబాదు పాతబస్తీలోని ఒక ప్రధాన వీధి. చార్మినారుకు ఉత్తరాన గల మచిలీ కమాను నుండి మదీనా కూడలి వరకు ఇది సాగుతుంది. అక్కడి నుండి నయాపూల్ మీదుగా మూసీ నదిని దాటి అఫ్జల్‌గంజ్ చేరవచ్చును. ఉర్దూలో 'పత్తర్' అనగా రాయి. వీధికి ఇరువైపులా ఒకే నమూనాలో రాతితో కట్టిన కమానుల వరుస దీని ప్రత్యేకత. నేడు ఇది ముత్యాలకు, వస్త్రాలకు పేరుపొందిన బజారు. అయితే కింద దుకాణాలు, పైన నివాసాలు ఉండేటట్లు రూపొందించిన వీధి ఇది అన్న సంగతి చాలామంది గమనించరు.

చరిత్ర

1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదు నగరాన్ని నిర్మించినపుడు చార్మినారు నుండి నాలుగు దిక్కులకు నాలుగు వీధులు ఏర్పడినవి. వాటిలో ఉత్తర దిక్కుగా, గుల్జార్ హౌజ్ గుండా మూసీ వైపు సాగిన వీధిలోని భాగమే పత్తర్‌గట్టి.

ఆసఫ్‌జాహీల కాలంలో ఈ ప్రాంతమున ప్రభువర్గాల వారి దేవిడీలు వెలసినవి. దేవిడీ అనగా ఎత్తైన ప్రహరీ లోపల అనేక చావళ్లు, తోటలు కలిగిన పెద్ద భవంతి. వీధిలో నడిచేవారికి కనిపించేది దాని సింహద్వారము మాత్రమే. సాలార్‌జంగ్ వంశీయుల దివాన్ దేవిడీ ఇక్కడికి సమీపంలోనే ఉండేది. 1951 డిసెంబరు 16న జవాహర్‌లాల్ నెహ్రూ సాలార్‌జంగ్ మ్యూజియమును ప్రారంభించినది ఆ దేవిడీలోనే. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున గల ప్రస్తుత భవనానికి మారినది. దేవిడీ ఇప్పుడు లేదు, దాని ద్వారాలు మాత్రం మిగిలినవి.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో సుమారు 15,000 మంది మరణించారని అంచనా. మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి వచ్చి వరద నివారణకు ప్రణాళిక రూపొందించారు. ఆ ఫలితంగానే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినవి. ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ 1912లో నగరాభివృద్ధి మండలిని నెలకొల్పారు. ఈ మండలి కిక్కిరిసిన బస్తీలను తొలగించి రోడ్లను వెడల్పు చేయించినది. మల్లేపల్లి వంటి చోట్ల నివాస గృహాలను, 1935 నాటికి మొజంజాహీ మార్కెట్టును నిర్మించినది. పత్తర్‌గట్టి రాతి వరుస కూడా మండలి చేపట్టిన పనులలో ఒకటి.

నిర్మాణ శైలి

కుతుబ్‌షాహీ కట్టడాలలో రాతి గోడలపై డంగు సున్నం పూసి, గచ్చుతో అలంకారాలు తీర్చేవారు. చార్మినారు అందుకు ఉదాహరణ. పత్తర్‌గట్టిలో పూత లేదు. దక్కను గ్రానైటు రాయిని చెక్కి, దాని బూడిద రంగునే అలంకారంగా వదిలిపెట్టారు.

కింది అంతస్తులో కొనదేలిన కమానుల వెనుక పొడవైన వసారా ఉన్నది. దుకాణాలు ఆ వసారాలోకి తెరుచుకుంటాయి. దీనివలన పాదచారికి ఎండావానల బాధ ఉండదు, బండ్ల ఒత్తిడీ ఉండదు. వసారా వెనుక దుకాణం ఎవరిదైనా, వసారా మాత్రం నడిచే ప్రజలందరిదీ. పై అంతస్తులో రాతి ఆధారాలపై ముందుకు వచ్చిన ఝరోకాలు, కమాను కిటికీలు ఉన్నవి.

19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో నెపోలియన్ కాలమున పారిస్‌లో ప్రారంభమైన రివోలి వీధి కూడా ఇటువంటిదే: కింద కమానుల బాట, దుకాణాలు, పైన నివాసాలు. ఇటువంటి వీధిలో ఏ ఒక్క భవనమూ విడిగా గొప్పది కాదు. అందమంతా వరుసలోనే ఉన్నది. దేవిడీ తన వైభవాన్ని ప్రహరీ లోపల దాచుకోగా, పత్తర్‌గట్టి దానిని వీధికే అప్పగించినది.

ప్రస్తుత స్థితి

ఆ వరుసే ఇప్పుడు అక్కడక్కడ తెగిపోయినది. కొన్నిచోట్ల రాతి కట్టడాల స్థానంలో కాంక్రీటు భవనాలు లేచినవి. పెద్ద పెద్ద నామఫలకాలు కమానులను కప్పివేసినవి, వసారాలలో సరుకులు పేర్చడం వలన పాదచారులు రోడ్డుపైకి దిగవలసి వస్తున్నది. పై అంతస్తులలో చాలావరకు గోదాములున్నవి. ఒక యజమాని తన భాగాన్ని మార్చుకుంటే నష్టపోయేది వీధి మొత్తం. కానీ వీధి ముఖభాగానికి యజమాని అంటూ ఎవరూ లేరు.

నగరంలోని చారిత్రక కట్టడాలకు రక్షణగా ఉన్న 13వ నిబంధనను 2015లో రద్దు చేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చినది. చార్మినారు పాదచారుల పథకంలో భాగంగా పరిసర రోడ్లపై గ్రానైటు రాళ్లు పరిచారు. ఏటా గణేశ్ నిమజ్జనం నాడు ప్రధాన ఊరేగింపు ఈ వీధి మీదుగానే హుస్సేన్‌సాగర్‌కు వెళ్తుంది. రాతి కమానులను పరిశీలనగా చూడదలచినవారు దుకాణాలు తెరవకముందు ఉదయం వేళ వెళ్లడం మేలు.