డబ్బా కొన్నాం సరే, తాగుతున్నారా?

ఆపరేషను అయ్యాకో, క్యాన్సరు మందులు నడుస్తున్నప్పుడో, పెద్ద వయసులో మనిషి బాగా చిక్కిపోయినప్పుడో డాక్టర్లు మాత్రలతో బాటు పాలలాగా కలుపుకుని తాగే పౌడరు డబ్బా ఒకటి రాస్తారు. ఎన్‌ష్యూర్, ప్రొటినెక్స్ వంటి పేర్లు మన ఇళ్ళలో అందరికీ తెలిసినవే. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళు నర్సమ్మ కలిపి చేతికిస్తుంది. ఇంటికి వచ్చాక ఆ డబ్బా సంగతి పట్టించుకునేవారు తక్కువ. మాత్ర వేసుకున్నావా అని కొడుకు అడుగుతాడు, కోడలు అడుగుతుంది, ఓపీలో డాక్టరు అడుగుతారు. పౌడరు తాగావా అని అడిగేవారు కనబడరు. మందుల చీటీలో అదీ ఒక మందుగానే రాసి ఉంటుందని మనం మరిచిపోతాం.

ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి ముందు లెక్కే చెబుతాను. ఇటువంటి పౌడర్లలో చాలావాటికి ఒక గ్లాసుకు సుమారు 50 గ్రాములు వేయాలి. అంటే ఐదారు స్కూపులు, ఒక స్కూపు కాదు. రోజుకు రెండు గ్లాసులు అని రాస్తే 100 గ్రాములు. 400 గ్రాముల డబ్బా నాలుగు రోజుల్లో అయిపోవాలి. నెలకు ఏడెనిమిది డబ్బాలు కావాలి. మన ఇళ్ళలో ఒక్క డబ్బా నెలంతా వస్తుంది! అంటే రాసినదానిలో ఏడో వంతు కూడా కడుపులోకి పోవడం లేదన్నమాట. ‘ఎంత తాగినా ఒంటికి పట్టడం లేదండీ’ అని చెప్పేవాళ్ళను నేను మొదట అడిగేది డబ్బా ఏ తేదీన తెరిచారని.

ఈ విషయం మీద పరిశోధనలు జరిగాయి. 2012లో ఇంగ్లండు పరిశోధకులు 46 అధ్యయనాలను, నాలుగు వేల పైచిలుకు రోగుల వివరాలను ఒకచోట చేర్చి చూశారు. రాసిన మోతాదులో సగటున 78 శాతం తాగుతున్నారని తేలింది. ఆసుపత్రి వార్డుల్లో 67 శాతమైతే ఇళ్ళ దగ్గర 81 శాతం. ఇంటి దగ్గరే మేలన్నమాట. కాని సగటు మాటున చాలా దాగుతుంది. ఆ అధ్యయనాల్లో ఒక్కోచోట 37 శాతమే, మరోచోట నూటికి నూరు. పైగా పరిశోధనలో చేరిన రోగిని ఎవరో ఒకరు అడుగుతూ ఉంటారు, రాసుకుంటూ ఉంటారు. అడిగేవారే లేని మన ఇళ్ళలో 81 ఉంటుందని నేననుకోను. ఆ లెక్కల్లోనే పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. చిక్కగా, కొద్ది పరిమాణంలోనే ఎక్కువ శక్తి ఉండే రకాలిస్తే 91 శాతం దాకా తాగారు. గ్లాసు పెద్దదైతే మనిషి వెనకాడతాడు.

మనవాళ్ళు ఎందుకు మానేస్తారు? తీపి మొదటి కారణం. ఊరగాయ, పచ్చిపులుసు, రాగిసంగటి మీద పెరిగిన నాలుకకు వెనీలా వాసన నాలుగో రోజుకే మొహం మొత్తుతుంది. రెండోది కడుపు నిండిపోవడం. అన్నానికి ముందు తాగితే అన్నం తినలేరు, అందుకని కొందరు అన్నమే మానేసి ఇది తాగుతారు. అలా చేస్తే లాభమేమీ లేదు, ఇది తిండికి తోడే కాని బదులు కాదు. ఉబ్బరం, విరేచనాలు కొందరికి. ఇక పెద్దవాళ్ళలో బయటికి చెప్పని కారణం ఒకటుంది. ఖర్చు. ‘ముసలిదాన్ని, నాకెందుకింత?’ అని ఒక స్కూపుతో సరిపెట్టుకుని, మిగతాది మనవడికి పాలలో కలిపి ఇచ్చే అవ్వలు ప్రతి వీధిలో ఉన్నారు. మనవడికి అది అక్కరలేదు, అవ్వకు కావాలి.

మనబోటి వాళ్ళకు అదనంగా భాష చిక్కు. హోసూరులో ఉండే తెలుగు అవ్వను బెంగళూరు ఆసుపత్రికి తీసుకువెళితే ఆహార నిపుణురాలు కన్నడంలో చెబుతుంది, తోడు వెళ్ళిన మనవడు తమిళంలో చదువుకున్నవాడు, డబ్బా మీద ఉన్నది ఇంగ్లీషు. బరంపురం నుంచి విశాఖకు పోయేవారికి మాట తెలుగులోనే దొరుకుతుంది కాని ఇంటికి చేరాక చీటీ చదివే పిల్లలకు ఒరియా తప్ప తెలుగు అక్షరం రాదు. షోలాపూరులోనూ అంతే, మరాఠీ పిల్లలకు, తెలుగు అవ్వకు. ఇన్ని చేతులు మారేసరికి ‘ఆరు స్కూపులు, రోజుకు రెండుసార్లు, అన్నానికీ అన్నానికీ మధ్య’ అన్నది ‘పాలలో ఒక స్పూను’ అయి కూర్చుంటుంది.

కాబట్టి ఓపీ గదిలోంచి బయటికి రాకముందే నాలుగు మాటలు అడిగి తెలుగులో రాసుకోండి: ఒకసారికి ఎన్ని స్కూపులు, ఎన్ని నీళ్ళు, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని వారాలు. చివరిది ముఖ్యం. వయసు మళ్ళినవారికి ఇటువంటి పానీయం ఇస్తే రోజుకు కనీసం 400 కెలోరీలు, 30 గ్రాముల ప్రొటీను అందేలా, కనీసం నెల రోజులైనా ఇవ్వాలని ఐరోపా పోషకాహార వైద్య సంఘం ఎస్పెన్ చెబుతుంది. వారం తాగి గుణం కనబడలేదని మానేస్తే ఆ డబ్బు దండగ. ప్రొటీను ఎంతో డబ్బా వెనకాల చూసుకోండి, అన్ని రకాలూ ఒకటి కావు.

తాగించే వేళ పొద్దున పదకొండుకు ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి పెట్టుకుంటే భోజనానికి అడ్డు రాదు. ఒక్క గుక్కలో తాగనక్కరలేదు, గంటసేపు చప్పరిస్తూ తాగినా సరే. చల్లగా ఇస్తే వాసన తగ్గుతుంది. కొంచెం కాఫీ డికాషనో ఏలకుల పొడో వేస్తే నాలుక ఒప్పుకుంటుంది. సలసల కాగే నీళ్ళలో మాత్రం కలపవద్దు. గోడ క్యాలెండరులో తాగిన ప్రతిసారీ ఒక గీత గీయండి, తర్వాతిసారి ఓపీకి ఆ కాగితం, ఖాళీ డబ్బాలు తీసుకువెళ్ళండి. ‘బాగానే తాగుతున్నాడండీ’ అన్న మాటకన్నా ఖాళీ డబ్బా నిజం చెబుతుంది.

మన రాగిజావ చాలదా అని అడుగుతారు. రాగి మంచిదే, నేనూ రోజూ తాగుతాను. కాని ఒక గ్లాసు జావలో పిండి 30 గ్రాములుంటే ఎక్కువ. దానివల్ల వచ్చేది సుమారు వంద కెలోరీలు, రెండు గ్రాముల ప్రొటీను. మిగతాదంతా నీళ్ళు. డబ్బా కొనే స్తోమత లేకపోతే ఆ మాట సిగ్గుపడకుండా డాక్టరుతో చెప్పండి. జావను నీళ్ళతో కాక పాలతో కాచి, వేయించిన వేరుసెనగల పొడి కలిపితే దాని బలమే మారిపోతుంది. గుప్పెడు వేరుసెనగల్లో ఏడు గ్రాముల ప్రొటీను, ఒక గుడ్డులో ఆరు గ్రాములు. డాక్టరు ఒప్పుకుంటే ఈ దారిలో కూడా లోటు చాలావరకు పూడుతుంది.

క్షయ మందులు వాడేవారికి ప్రభుత్వమే సాయం చేస్తుంది. నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 500 రూపాయలుండేది, 2024 నవంబరు నుంచి 1000 అయింది, నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా నంబరు ఇచ్చారో లేదో క్షయ కేంద్రంలో కనుక్కోండి. ఈ రోగులకు తిండి ఎంత అవసరమో జార్ఖండులో జరిగి 2023లో వెలువడిన ‘రేషన్స్’ అధ్యయనం చూపించింది. రోగి ఇంట్లోవారికి కూడా బియ్యం, పప్పు ఇస్తే వారికి క్షయ సోకడం 39 శాతం తగ్గింది.

జాగ్రత్తలు కొన్ని. చక్కెర జబ్బు ఉన్నవారికి వేరే రకం ఉంటుంది, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ప్రొటీను పౌడరు ఏదైనా డాక్టరును అడగనిదే తాగకూడదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు దానికీ ఈ పానీయానికీ నాలుగు గంటల ఎడం పాటించాలి, ఇందులోని కాల్షియం, ఇనుము ఆ మాత్రను ఒంటికి పట్టనివ్వవు. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవారు మొదలుపెట్టే ముందూ, మానే ముందూ డాక్టరుకు చెప్పాలి, వీటిలో విటమిన్ కె ఉంటుంది. పక్కింటివారికి మిగిలిపోయిన డబ్బాను అడిగి తెచ్చుకునేవారు ముందు దాని మీద గడువు తేదీ, తెరిచాక ఎన్నాళ్ళు వాడవచ్చో చూసుకోవాలి.

చీటీ చదువుకోలేనివారు ఆదివారం పొద్దున మన సంఘం గదికి చీటీ, డబ్బా రెండూ పట్టుకు రండి. పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, డబ్బా మూతకు అంటించి ఇస్తాం.