మూడో రోజు ముఖం

ఆపరేషన్ విశాఖపట్నంలో జరుగుతుంది. వాపు మాత్రం ఊరొచ్చాక వస్తుంది. జుట్టు నాటించుకునే మన ఉత్తరాంధ్ర కుర్రాళ్ల అవస్థలో సగం ఇదే.

పొద్దున్న కుర్చీ ఎక్కినవాడు సాయంత్రానికి తలకు కట్టుతో దిగుతాడు. మర్నాడు వదులుటోపీ పెట్టుకుని విజయనగరం బస్సో, శ్రీకాకుళం బస్సో ఎక్కుతాడు. అప్పటికి అద్దంలో ముఖం బాగానే ఉంటుంది. రెండో రోజు రాత్రి నుదురు బరువెక్కుతుంది. మూడో రోజు తెల్లారేసరికి కనుబొమల మధ్య గుంట పూడిపోయి, ముక్కు మొదలు వెడల్పై, రెప్పలు ఉబ్బి కళ్లు సగమే తెరుచుకుంటాయి. ఇంట్లోవాళ్లకు తలమీది ఎర్రచుక్కల కన్నా ముందు ఆ ముఖమే కనిపిస్తుంది.

“ఏటి బావూ, ముఖమిలగ పొంగిపోనాది?”

ఇంకెక్కడైనా అయితే ఇది ఉత్త ఆరా. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో పొద్దున్నే ముఖం వాచిందంటే అందరికీ ముందు గుర్తొచ్చేది కిడ్నీ. బడి ముఖం చూడని ముసలమ్మకు కూడా క్రియాటినిన్ అనే మాట తెలుసు. ఏళ్ల తరబడి వేధిస్తున్న ఆ కిడ్నీ జబ్బు కోసమే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రిని, కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించారు. అలాంటిచోట, జుట్టు సంగతి ఇంట్లో చెప్పకుండా వెళ్లొచ్చిన కొడుకు మూడో రోజు ఆ ముఖంతో వసారాలోకి వస్తే తల్లి ఏమైపోవాలి? సిగ్గుపడితే పడండి గానీ, వాపు వస్తుందని ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

ఇంతకీ ఆ నీరంతా ఎక్కడిది? చాలావరకు క్లినిక్‌లో ఎక్కించినదే. మాడు మొద్దుబారడానికి, రక్తం తక్కువ కారడానికి సెలైన్‌లో లిగ్నోకెయిన్, ఎడ్రినలిన్ కలిపి చర్మం కిందికి పంపుతారు. గ్రాఫ్టుల కోసం, అంటే నాటే కుదుళ్ల కోసం, పెట్టే వందలాది గాట్లకు ఒంట్లోంచి ఊరే నీరు దానికి తోడవుతుంది. మాడు చర్మానికీ పుర్రెకూ మధ్య ఒక వదులైన పొర ఉంది. వెనక మెడ దగ్గర దాని పైనున్న కండరం ఎముకను పట్టుకుని ఉంటుంది. ముందువైపు అలా కాదు. నుదుటి కండరం ఎముకకు అతుక్కోకుండా కనుబొమల చర్మంలో కలిసిపోతుంది. నీటికి అక్కడ గట్టు లేదు. అందుకే నుదుటి మీంచి రెప్పల్లోకి, ముక్కు మొదట్లోకి జారుతుంది. కొందరికి కళ్ల కింద కమిలిన నలుపు కూడా దిగుతుంది. మూడు నాలుగు రోజుల్లో వాపు ముదిరి, మామూలుగా వారం తిరిగేసరికి తగ్గిపోతుంది. నాటిన జుట్టుకు దీనివల్ల చేటు లేదు.

నీరు పల్లానికే పోతుంది కాబట్టి మొదటి నాలుగైదు రాత్రులు తలను పల్లంగా ఉంచకపోవడమే అసలు వైద్యం. మన ఇళ్లలో మూల పడేసిన పడక కుర్చీ ఇందుకు ఖరీదైన దిండ్ల కన్నా మేలు. వెల్లకిలా, తల ఎత్తులో పెట్టి పడుకోవాలి. వంగి బకెట్లు ఎత్తకూడదు, బోర్లా పడుకుని ఫోన్ చూడకూడదు. ఐసు గుడ్డలో చుట్టి నుదుటికి, కనుబొమలకు పది నిమిషాలు పెట్టుకోవచ్చు. నాటిన చోటికి మాత్రం తాకనివ్వకూడదు. నుదుటికి పట్టీ కట్టుకోవాలా, వేళ్లతో నుదుటి నడుమ నుంచి కణతల వైపు మెల్లగా తోయాలా అన్నది చేసిన సర్జన్‌నే అడగాలి. ఉప్పు ఎక్కువుండే ఎండుచేప, ఆవకాయ ఆ వారం పక్కన పెడితే మంచిది. మామ్మలు ప్రేమగా తెచ్చే ఉప్పు కాపడం, పసుపు ముద్ద, ఆముదం మూడూ వద్దు. కాపడం పెడితే వాపు ఇంకా పెరుగుతుంది. మాడు మొద్దుబారి ఉన్నందున కాలినా తెలీదు.

ఉద్దానం వాళ్లకు ఇంకొక మాట. ఆపరేషన్‌కు ముందు చేయించే రక్తపరీక్షల్లో క్రియాటినిన్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అడిగి చేయించుకోండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీకి మంచివి కావు. వాపు తగ్గడానికి రాసే స్టెరాయిడ్ మాత్రలు షుగరును పెంచుతాయి. ఈ రెండు జబ్బుల్లో ఏదున్నా దాచకూడదు. వాపు ఏ రకందో కొంతవరకు ఇంట్లోనే పోల్చుకోవచ్చు. జుట్టు నాటినందువల్ల వచ్చే వాపు నుదుట మొదలై కిందికి దిగుతుంది, రోజురోజుకూ తగ్గుతుంది. కాళ్లు కూడా వాచినా, మూత్రం తగ్గినా, నురగ కట్టినా, వారం దాటినా రెప్పల వాపు పోకపోయినా నింద జుట్టు మీద వేసి కూర్చోకుండా పరీక్ష చేయించాలి.

కొన్ని వాపులకు వారం గడువు ఇవ్వకూడదు. మందు పడిన నిమిషాల్లో, గంటల్లో పెదాలు, నాలుక ఉబ్బి, దద్దుర్లు లేచి, ఊపిరి అందకపోతే అది ఎలర్జీ. 108కి ఫోన్ చేయాలి. జ్వరం, చీము, తగ్గని నొప్పి, ఒక్క కన్నే ఎర్రగా వాచడం, చూపు మసకబారడం ఇన్‌ఫెక్షన్ జాడలు. 2025 మార్చిలో కాన్పూర్‌లో జుట్టు నాటించుకున్న ఒక ఇంజినీరు ముఖం వాచి, రోజుల్లోనే ప్రాణం పోయి, సంగతి పోలీసు కేసు దాకా వెళ్లింది. అలాంటివి అరుదే. అయినా కుర్చీ ఎక్కించేది ఎవరో అడగడానికి మొహమాటం ఎందుకు? జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టంగా చెప్పింది. ఇది ప్లాస్టిక్ సర్జన్లు, చర్మవైద్య నిపుణుల పని, యూట్యూబ్ చూసి నేర్చుకునేది కాదని. ఫీజు బేరమాడినంత శ్రద్ధగా డిగ్రీ అడిగేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

పెళ్లి కోసం తొందరపడేవాళ్లు ముహూర్తానికి నెల ముందు వెళ్లి లాభం లేదు. వాపు వారంలో పోతుంది గానీ, నాటిన వెంట్రుకలు మొదటి నెల రోజుల్లో చాలావరకు రాలిపోతాయి. మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలిచి, నిండుగా కనబడడానికి ఏడాది దాకా పడుతుంది. పెళ్లిచూపుల నాటికే ఆ ఏడాది అయిపోయి ఉండాలి.

ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైమాట. మూడో రోజు అర్ధరాత్రి కన్ను మూసుకుపోతే క్లినిక్‌లో ఫోన్ ఎత్తేదెవరో డబ్బు కట్టే ముందే తేల్చుకోవాలి. ఏ మందు ఎంత ఎక్కించారో, ఏ మాత్రలు ఎన్నాళ్లు వేసుకోవాలో రాసి, డాక్టరు సంతకం పెట్టిన డిశ్చార్జి కాగితం చేతికి వచ్చాకే బస్సెక్కాలి. అది లేకుండా శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రికి పరిగెత్తితే, అక్కడి డ్యూటీ డాక్టరు ముందుగా అడిగేది ఆ కాగితమే.