లారీని దాటే తొమ్మిది సెకన్లు

మలేసియాలో హుతన్ మెలింతాంగ్ దాటి బాగన్ దాతుక్ వైపు సాగే దారి సమతలం. ఇరువైపులా కొబ్బరి తోటలు, పామాయిల్ తోటలు. పూర్వం ఈ తోటల్లో పనికి వచ్చిన తెలుగు కుటుంబాల వారసులు ఇప్పటికీ ఇక్కడ ఉన్నారు. ఘాట్ రోడ్డు కాదు కదా, గేర్లతో పనేముందని అనిపిస్తుంది. కానీ ముందు పామాయిల్ గెలల లారీ 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడే గేరు విలువ తెలుస్తుంది.

లెక్క కోసం 1.5 లీటర్ల ఇంజన్, 5 గేర్లున్న మామూలు కారును తీసుకుందాం. 60 కిలోమీటర్ల వేగంలో ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు సుమారుగా ఇలా ఉంటాయి:

5వ గేరు: 1,780
3వ గేరు: 2,890
2వ గేరు: 4,220
1వ గేరు: 7,770

చాలా పెట్రోల్ ఇంజన్లకు ఎర్ర గీత (దాటకూడని చుట్ల హద్దు) 6,500 దగ్గర ఉంటుంది. అంటే పొరపాటున 1వ గేరు పడి క్లచ్ వదిలితే ఇంజన్ దెబ్బతింటుంది. 2వ గేరులో 90కి చేరేసరికి చుట్లు 6,330 అవుతాయి, లారీ పక్కనే గేరు మార్చాల్సి వస్తుంది. 3వ గేరులో అదే వేగానికి 4,330 చాలు. పైగా 5వ గేరుతో పోలిస్తే చక్రానికి అందే లాగుడు 60 శాతానికి పైగా ఎక్కువ. ఈ దాటడానికి తగినది 3వ గేరే.

ఇప్పుడు దూరం చూద్దాం. లారీ పొడవు 12 మీటర్లు, కారు 4, వెనుక 20, ముందు 20 మీటర్ల ఎడం. మొత్తం 56 మీటర్లు మనం లారీకంటే ఎక్కువ పోవాలి. మలేసియా ఫెడరల్ రోడ్లపై సాధారణ పరిమితి 90 కిలోమీటర్లు. దాన్ని మించకుండా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, 3వ గేరులో సుమారు 9.3 సెకన్లు, 5వ గేరులోనే ఉండిపోతే 11.5 సెకన్లు పడుతుంది. ఇది కారులో ఒక్కరే ఉన్నప్పటి లెక్క. పెళ్ళికి కారు నిండా మనుషులతో వెళ్తుంటే 9.9, 12.5 అవుతాయి.

రెండు సెకన్లే కదా అనుకోవద్దు. ఎదుటి వాహనం కూడా 90లో వస్తుంటే, 3వ గేరులో దాటడానికి దాదాపు 440 మీటర్ల ఖాళీ రోడ్డు కావాలి. 5వ గేరులో 535. గేరు తగ్గించడం వల్ల మిగిలేది సుమారు 95 మీటర్లు. కానీ సరైన గేరులో కూడా అర కిలోమీటరుకు దగ్గరగా రోడ్డు కనబడాల్సిందే. ఆ చూపు లేని చోట ఏ గేరూ కాపాడదు.

అందుకే క్రమం ముఖ్యం. లారీ వెనుక ఎడం ఉండగానే గేరు తగ్గించండి. చుట్లు నిలకడపడ్డాక అద్దం, ఎదుటి రోడ్డు చూసి అప్పుడు బయటికి రండి. ఎదుటి లేన్‌లోకి వచ్చాక గేరు వెతుక్కోవద్దు. ఆటోమేటిక్ కారు పెడల్ గట్టిగా తొక్కితే తనంతట తానే గేరు తగ్గిస్తుంది, కానీ దానికీ క్షణం పడుతుందని గుర్తుంచుకోండి. 110 సీసీ కాప్చాయ్ (చిన్న మోటార్ సైకిల్) బండికి ఈ వేగాల్లో మిగులు శక్తి చాలా తక్కువ. తడి రోడ్డుపై దాని గేరు ఒక్కసారిగా తగ్గిస్తే వెనుక చక్రం జారవచ్చు.

2019లో మలేసియా రోడ్లపై 6,167 మంది చనిపోయారు. ఏటా ఈ మృతుల్లో సగానికి పైగా మోటార్ సైకిళ్ళపై వెళ్ళేవారే. 440 మీటర్ల రోడ్డు కనబడకపోతే లారీ వెనుకే ఉండండి. తోటల దారిలో కాస్త ఆలస్యమైనా ఇంటికి చేరతాం.